మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు?

2024 డిసెంబరు 4, బుధవారం. ఉదయం 7 గంటల 27 నిమిషాలు. ములుగు జిల్లా అడవుల కింద ఎక్కడో లోతున నేల కదిలింది. రిక్టర్ స్కేలు మీద 5.3. అక్కడికీ హైదరాబాద్‌కీ దాదాపు 200 కిలోమీటర్ల దూరం. అయినా వనస్థలిపురం, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు జనానికి తెలిసింది. కొందరు కాఫీ కప్పులతోనే మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేశారు.

మన్సూరాబాద్‌లో మాకు తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్ ఒకటుంది. ఆ రోజు ఒకే బిల్డింగులో రెండు కథలు విన్నాను. ఐదో అంతస్తులో ఉండే పిన్నిగారు, ‘‘ఫ్యాను దానంతటదే ఊగింది బాబూ, స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి’’ అన్నారు. కింద వాచ్‌మన్ని అడిగితే నవ్వాడు. ‘‘నేను అప్పుడే బండ్లు తుడుస్తున్న సార్. నాకైతే ఏం తెల్వలే. పైనోళ్లంతా ఉరికొస్తుంటే దొంగ దొరికిండేమో అనుకున్న.’’

ఇద్దరూ అబద్ధమాడలేదు. భూకంపం ఒకటే, బిల్డింగు ఒకటే. తేడా ఎక్కడొచ్చింది?

ఈ పేజీలో ఇన్నాళ్లూ టైల్స్ గురించి మాట్లాడుకున్నాం, వంటింటి చిమ్నీల గురించి మాట్లాడుకున్నాం. ఈశాన్యంలో సంపు గురించి వచ్చినన్ని ఉత్తరాలు మరి దేనికీ రాలేదు. ఈ వారం ఇంకాస్త కిందికి దిగుదాం. సంపు అడుగు కన్నా కిందికి. ఇంటి పునాది ఏ మట్టి మీద కూర్చుందో ఆ మట్టి దగ్గరికి.

ముందు ఊయల సంగతి. ఊయల ఊపేటప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు తోస్తే అది సరిగా ఊగదు. వెనక్కి వచ్చి మళ్లీ ముందుకెళ్లే క్షణంలో చిటికెన వేలితో తోసినా చాలు, ఇంతెత్తున లేస్తుంది. బిల్డింగు కూడా అంతే. ప్రతి కట్టడానికీ తనదైన ఊపు ఉంటుంది. ఇంజినీర్ల మోటు లెక్క ఒకటుంది, అంతస్తుకి సెకనులో పదో వంతు అని. అంటే రెండంతస్తుల ఇల్లు ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి 0.2 సెకను. ఐదంతస్తులకి అర సెకను. పదంతస్తులకి ఒక సెకను. పొట్టివి గబగబా వణుకుతాయి, పొడుగువి తాపీగా ఊగుతాయి. దూరం నుంచి వచ్చే భూకంపంలో గబగబా వణికించే అలలు దారిలోనే చచ్చిపోతాయి, నిదానంగా ఊపే అలలు మాత్రం మిగిలి వస్తాయి. అవి పై అంతస్తుల్ని పలకరిస్తాయి, నేలమీదున్న వాచ్‌మన్ని వదిలేస్తాయి. పిన్నిగారి ఫ్యాను కథ ఇంతే.

కానీ ఊపు బిల్డింగు ఒక్కదానికే కాదు, దాని కిందున్న మట్టికీ ఉంటుంది. అసలు గొడవంతా అక్కడే.

పళ్లెంలో జున్ను ముక్క పెట్టి పళ్లేన్ని కాస్త కదపండి. పళ్లెం కదిలింది వెంట్రుకవాసి. జున్ను పైభాగం మాత్రం తపతపా వణుకుతుంది. అదే పళ్లెంలో మైసూర్‌పాక్ ముక్క పెట్టండి. పళ్లెం ఎంత కదిలితే అదీ అంతే. గట్టి బండ మైసూర్‌పాక్, మెత్తటి మట్టి జున్ను. గ్రానైట్ బండలో భూకంప అల సెకనుకి రెండు మూడు కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తుంది. మెత్తటి మట్టిలోకి రాగానే ఆ వేగం సెకనుకి 100, 200 మీటర్లకి పడిపోతుంది. హైవే మీద రయ్యిన వచ్చిన బస్సులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకదాని వెనక ఒకటి పేరుకుపోయినట్టు, తెచ్చిన శక్తంతా అక్కడ కుప్పపడుతుంది. వేగం తగ్గిన మేరకు ఊపు పెరుగుతుంది. ఆ మట్టి ఊపూ పైనున్న బిల్డింగు ఊపూ ఒకే తాళంలో పడితే మాత్రం ఊయలని సరైన క్షణంలో తోసినట్టే.

దీన్ని ప్రపంచానికి నేర్పిన ఊరు మెక్సికో నగరం. అక్కడ పూర్వం టెస్కోకో అనే పెద్ద చెరువుండేది. స్పెయిన్‌వాళ్లు వచ్చాక దాన్ని క్రమంగా ఎండగట్టారు, దాని ఒండ్రు మీదే నగరం పెరిగింది. 1985 సెప్టెంబరు 19న పసిఫిక్ తీరంలో 8.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. నగరం నుంచి అది 350 కిలోమీటర్ల పైమాటే. నగరంలోనే గట్టి లావారాతి మీదున్న యూనివర్సిటీ దగ్గర నేల కదలికని కొలిస్తే అది కొంచెమే. చెరువు ఒండ్రు మీద కొలిస్తే దానికి ఐదు రెట్లు! ఆ ఒండ్రు ఊపు రెండు సెకన్లకి ఒకసారి. మొదట కాస్త తక్కువ ఊపున్న బిల్డింగులు కూడా ఊగి ఊగి, పగుళ్లిచ్చి, బిగువు తగ్గి, చివరికి ఆ రెండు సెకన్ల తాళంలోనే పడిపోయాయి. ఎక్కువగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తులవి. వేల మంది చనిపోయారు. వింతేమిటంటే అదే నగరంలో 44 అంతస్తుల లాటినో అమెరికానా టవర్ చెక్కుచెదరకుండా నిలబడింది. దాని ఊపు వేరు, కింద గట్టి పొర దాకా దింపిన పునాది వేరు.

మెక్సికో మనకి దూరమనిపిస్తే శాన్‌ఫ్రాన్సిస్కో చూద్దాం. అది మన దిల్‌సుఖ్‌నగర్ వాళ్లకి దూరమేం కాదు. ఇక్కడి కోచింగ్ సెంటర్ల మెట్లెక్కిన పిల్లలు ఎంతమందో ఇప్పుడు ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో కాపురాలున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెరీనా అని ఒక పేట ఉంది. 1915లో అక్కడ పెద్ద ఎగ్జిబిషన్ పెట్టారు. దానికోసం నీటి మడుగుని ఇసుకా మట్టీ తెచ్చి పూడ్చారు. ఎగ్జిబిషన్ అయిపోయాక ఆ జాగాలో ప్లాట్లు వేసి ఇళ్లు కట్టేశారు. మనకి బాగా తెలిసిన కథే కదా! 1989 అక్టోబరు 17న 6.9 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు అది పుట్టిన చోటు అక్కడికి దాదాపు 100 కిలోమీటర్లు. ఊళ్లో గుట్టల మీద ఇళ్లు చాలావరకు బాగానే ఉన్నాయి. మెరీనాలో మాత్రం నేల గంజిలా మారింది. చీలికల్లోంచి ఇసుక ఎగజిమ్మింది. దాంతోపాటు 1906 నాటి పెద్ద భూకంపంలో కాలిపోయిన ఇళ్ల బొగ్గుముక్కలు కూడా పైకొచ్చాయి. పాత శిథిలాలు కూడా ఆ పూడికలో ఉన్నాయన్నమాట. అక్కడ కుప్పకూలినవి నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లు, కింద కార్ల కోసం గోడల్లేకుండా ఖాళీగా వదిలినవి.

ఆ దెబ్బకి 1990లో కాలిఫోర్నియా ఓ చట్టం చేసింది. భూకంపం వస్తే నేల ఎక్కడెక్కడ దెబ్బతింటుందో ప్రభుత్వమే పటాలు గీయాలి. ఆ గీతల లోపలున్న ఇల్లు అమ్మేవాడు కొనేవాడికి ఆ ముక్క కాగితం మీద చెప్పి తీరాలి. మన పిల్లలు అక్కడ ఇల్లు కొనేటప్పుడు ఆ కాగితం చదివి సంతకం పెడతారు. అదే పిల్లలు పంపిన డాలర్లతో అమ్మానాన్నలు ఇక్కడ ఫ్లాట్ కొంటారు. ఇక్కడ చూపించేవి ఎలివేషన్ బొమ్మ, కార్ పార్కింగ్ నంబరు, బ్యాంకు లోను పేరు. కింద ఏముందో చెప్పే కాగితం అడిగేవాడూ లేడు, ఇచ్చేవాడూ లేడు.

మన దేశంలోనే చూసుకుంటే 2001 జనవరి 26 గుర్తుంటుంది. రిపబ్లిక్ డే నాడే గుజరాత్‌లో భుజ్ దగ్గర 7.7. అక్కడికి 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి 700 మందికి పైగా పోయారు. సబర్మతి ఒండ్రు పొరలు ఒక కారణం. కింద పార్కింగ్ కోసం ఉత్త స్తంభాల మీద నిలబెట్టడం మరో పెద్ద కారణం. మట్టి మీదే నేరమంతా నెట్టకూడదు. 1993 సెప్టెంబరు 30న లాతూర్ జిల్లా కిల్లారిలో వేల మంది చనిపోయింది ముఖ్యంగా మట్టి అడుసుతో పేర్చిన బరువైన రాతి గోడల వల్లే. ఆ రాత్రి హైదరాబాద్‌లోనూ జనం లేచి కూర్చున్నారు. ఈమధ్యే 2025 మార్చి 28న మయన్మార్‌లో 7.7 వస్తే సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల మెత్తటి బంకమట్టి మీదున్న బ్యాంకాక్ ఊగిపోయింది. కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కూలింది. అందులో నిర్మాణ లోపాల మీదా విచారణ జరిగింది. మట్టి, కట్టుబడి ఈ రెండూ కలిసే ప్రాణాలు తీస్తాయి.

భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. 2002 నాటి భూకంప కోడ్‌లోనూ, 2016లో సవరించిన దాంట్లోనూ హైదరాబాద్ ఉన్నది రెండో జోన్‌లో, అంటే అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో. ములుగు 5.3తో పోలిస్తే భుజ్‌లో విడుదలైన శక్తి సుమారు 4 వేల రెట్లు. అలాంటిది మన కిందే పుడుతుందని ఎవరూ అనడం లేదు. పైగా మన ఊరు కూర్చున్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. మౌలాలి గుట్ట చూసినా, గోల్కొండ చూసినా ఆ బండే. ఇంతకన్నా మంచి పీట ఏ నగరానికి దొరుకుతుంది!

మరి మన్సూరాబాద్‌లో ఈ గోల ఎందుకంటారా? చెరువుల కోసం. మన్సూరాబాద్‌కి ఒక పెద్ద చెరువు, ఒక చిన్న చెరువు ఉన్నాయి. ఇటు బైరామల్‌గూడ చెరువు, అటు బండ్లగూడ, నాగోల్ చెరువులు, ఇంకాస్త ఇవతల సరూర్‌నగర్ చెరువు. ఒకదాని అలుగు నీళ్లు మరోదాంట్లోకి, చివరికి మూసీలోకి. చెరువు అడుగున వందల ఏళ్ల ఒండ్రు పేరుకుంటుంది. చెరువు కట్ట కింద వరి మళ్లుంటాయి, అక్కడా మెత్తటి మట్టే. నగరం ఇటు పెరిగినప్పుడు శిఖం భూములూ మళ్లూ కొన్నిచోట్ల ప్లాట్లయ్యాయి. పల్లంలో ఇల్లు కట్టరు కదా, అందుకని టిప్పర్లతో మట్టి తోలి లేపారు. ఆ మట్టి కూడా అసలు మట్టి కాదు. ఎక్కడో కూల్చిన గోడల ఇటుక ముక్కలు, పెళ్లలు, ప్లాస్టిక్ సంచులు. దొరికిన బండ పీటని వదిలేసి మనమే చేజేతులా జున్ను పరుచుకున్నాం.

ఏ కాలనీ అని నేను వేలెత్తి చూపను. వానే చూపించింది. 2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతకి హయత్‌నగర్, నాగోల్, సరూర్‌నగర్ వైపు ఎన్నో కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అన్నిచోట్లా కారణం ఒకటే కాదు, కొన్నిచోట్ల నాలా మూసేశారు. కానీ నీళ్లు పట్టుబట్టి నిలిచే పల్లంలో మెత్తటి మట్టి ఉండే అవకాశం ఎక్కువ. నీటికి గుర్తున్న పాత పటమూ, భూకంప అల వెతుక్కునే పటమూ చాలావరకు ఒకటే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మెక్సికో ఒండ్రు ముప్ఫై నలభై మీటర్ల మందం. మన చెరువు మట్టి మందం అంత ఉండదు, కొద్ది మీటర్ల కిందే బండ తగులుతుంది. మట్టి ఊపుకి లెక్క సులువే. మందాన్ని నాలుగుతో గుణించి ఆ మట్టిలో అల వేగంతో భాగించాలి. ఐదు మీటర్ల పూడిక, సెకనుకి 150 మీటర్ల వేగం అనుకుంటే 0.13 సెకను వస్తుంది. పది మీటర్లయితే 0.27. అంటే ఆ తాళంలో పడేది పదంతస్తుల టవర్ కాదు, ఒకటి నుంచి మూడంతస్తుల ఇల్లు! ‘అపార్ట్‌మెంట్లకే ఆ భయాలు, మాది జీ ప్లస్ వన్’ అని ధీమాగా ఉండే ఇండిపెండెంట్ ఇంటాయనే ముందు వినాల్సిన మాట ఇది. పొడుగు బిల్డింగుల వాళ్ల పునాదులు ఎటూ బండ దాకా వెళ్తాయి. చిన్న ఇంటికే నాలుగడుగులో ఐదడుగులో తవ్వి ‘చాల్లే’ అనేస్తారు.

దానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది సగం సగం పునాది. హైదరాబాద్ నేల ఎగుడుదిగుడు. ఒకే ప్లాటులో ఓ మూల బండ పైకి తేలి ఉంటుంది, రెండో మూల ఎనిమిదడుగుల పూడిక. బండ పగలగొట్టే ఖర్చెందుకని అక్కడ పైపైనే స్తంభం నిలబెడతారు. రెండోవైపు పూడికలోనే ఆపేస్తారు. భూకంపం దాకా అక్కర్లేదు, నాలుగు వానాకాలాలకే మెత్తటి వైపు కుంగి గోడ మీద ఏటవాలు పగులు వస్తుంది. నేల నిజంగా ఊగితే ఒక కాలు బండ మీద, ఒక కాలు బురదలో పెట్టినవాడిలా ఇల్లు మెలితిరుగుతుంది.

మన్సూరాబాద్‌లో ఓ చోట పునాది గుంతలు తీయిస్తున్న మేస్త్రిని ఈ మాటే అడిగాను. ‘‘బండ తగిల్తే మాకు తిప్పలు సార్, ఓనర్‌కు సుఖం. మట్టి తగిల్తే మాకు సుఖం. ఓనర్‌కు గప్పుడే సమజ్ గాదు’’ అన్నాడు. పక్క ప్లాటు చూపించి, ‘‘గాడ నాలుగు గజాలు తవ్వినా చెప్పుల ముక్కలే వచ్చినయ్’’ అని కూడా చేర్చాడు.

మరి కొనేవాడికి, కట్టించుకునేవాడికి కింద ఏముందో తెలిసేదెలా? పద్ధతిగా అయితే మట్టి పరీక్ష. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ ఒక గొట్టాన్ని నేలలోకి దింపుతారు. 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయన్నదే లెక్క. దాన్ని ‘ఎన్ విలువ’ అంటారు. 2002 నాటి కోడ్ ప్రకారం 10 లోపు దెబ్బలకే దిగితే మెత్తటి నేల, 30 దాటితే గట్టి నేల. ఈ తేడా కాగితం మీద ఊరికే రాసుకునేది కాదు. ఒక సెకను ఊపున్న బిల్డింగుకి గట్టి నేల మీద కన్నా మెత్తటి నేల మీద 67 శాతం ఎక్కువ తోపుకి డిజైన్ చేయాలని అదే కోడ్ చెబుతుంది. అర సెకను ఊపున్న ఐదంతస్తుల దానికైతే 25 శాతం ఎక్కువ. స్తంభాల సైజూ ఇనుమూ లెక్కగట్టడం ఇక్కణ్నించే మొదలవ్వాలి. పక్క ప్లాటు రిపోర్టుకే పేరు మార్చి జత చేసే ఘనులూ ఉంటారని విన్నాను. అందుకని రిపోర్టు అడిగినప్పుడు బోర్ వేసిన చోట్లు మీ ప్లాను మీదే గుర్తు పెట్టారా, ఎన్నిచోట్ల వేశారు, ఎన్ని అడుగులకి బండ తగిలింది అని చూడండి. ప్లాటు నాలుగు మూలలా ఒకే అంకె ఉందంటే నాకైతే అనుమానమే. మాడ్యులర్ కిచెన్‌కి పెట్టే దాంట్లో చిన్న ముక్క చాలు ఈ పరీక్షకి.

రిపోర్టు లేదంటారా? మోటు పద్ధతి ఒకటుంది. ఈ వైపు బోరు లేని ఇల్లు అరుదు. బోరు వేసేటప్పుడు పైనుంచి మట్టి జారి పడకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దింపుతారు. డబ్బులు అడుగుల లెక్కన కట్టారు కాబట్టి ఆ అంకె ఇంటాయనకి కంఠతా వచ్చి ఉంటుంది. మీరు కొనబోయే చోట చుట్టుపక్కల నాలుగిళ్లలో అడగండి, ‘మీ బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు పట్టింది?’ అని. ఓ ఇంట్లో 15, పక్కింట్లో 50 అన్నారనుకోండి, మధ్యలో ఏదో పల్లం పూడిందని అనుమానించొచ్చు. అయితే కేసింగ్ దిగినంత మేరా మెత్తటి మట్టే అనుకోకూడదు. బండ మీద ఉండే మొరం కూడా అందులోకే వస్తుంది, మొరం పునాదికి చక్కగా పనికొస్తుంది. కాబట్టి ఇది పరీక్షకి బదులు కాదు, పరీక్ష చేయించాలా అన్న ప్రశ్నకి జవాబు. హెచ్‌ఎండీఏ వాళ్ల చెరువుల పటాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పూర్తి నీటిమట్టం గీత ఎక్కడిదాకా ఉందో అందులో చూడొచ్చు. కొన్న తర్వాత కూల్చివేత నోటీసు వచ్చినప్పుడు చూసేకన్నా ముందు చూసుకోవడం మేలు.

కట్టేవాళ్లు పూడిక మీద ఏం చేయాలంటే, పూడికని దాటి మొరమో బండో తగిలేదాకా దిగాలి. అది మరీ లోతైతే ఇల్లంతటికీ ఒకే మందపాటి కాంక్రీటు పలక వేసి దాని మీద నిలబెట్టాలి. విడివిడి ఫుటింగులైతే వాటిని ప్లింత్ బీములతో ఒకదానికొకటి కట్టిపడేయాలి. పార్కింగ్ అంతస్తులో కొన్ని చోట్లయినా అడుగు నుంచి పై దాకా కాంక్రీటు గోడలు ఉండాలి. స్తంభాల్లో ఇనుప రింగుల కొనలు 90 డిగ్రీల దగ్గర ఆపకుండా లోపలికి 135 డిగ్రీలు వంచాలి. రెండో జోన్‌లో ఈ రింగుల నియమం తప్పనిసరి కాదు. అందుకే మేస్త్రీలు వంచరు. మీరు పక్కన నిలబడి వంచమంటే వంచుతారు, రోజుకి ఓ గంట పని పెరుగుతుందేమో.

ఇప్పటికే ఉంటున్నవాళ్ల సంగతేమిటి? పునాది కింద మట్టిని మార్చలేం గానీ దాన్ని ఇంకా మెత్తబరచకుండా చూసుకోవచ్చు. చాలా అపార్ట్‌మెంట్లలో నీళ్ల సంపు స్తంభాలని ఆనుకునే ఉంటుంది. అది ఏళ్ల తరబడి కారుతుంటే ఆ నీరంతా పూడికలోకే పోతుంది. ఈ రాత్రి పది గంటలకి సంపు నిండాక మోటారు, మున్సిపల్ నీళ్ల వాల్వు రెండూ కట్టేసి నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. పొద్దున్నే వాచ్‌మన్ లేచి మోటారు వేయకముందే వెళ్లి చూడండి. నీళ్లు ఆ గీతకి ఎంత కిందికి దిగాయో కొలిచి, ఆ అంకెని వచ్చే అసోసియేషన్ మీటింగులో లిఫ్ట్ మెయింటెనెన్స్ కన్నా ముందు చదివించండి.